ఎసట్లో పోయకముందు తీసిన గుప్పెడు

పొయ్యి మీద ఎసరు పెట్టి, డబ్బాలోంచి బియ్యం కొలిచి గిన్నెలో పోస్తుంది ఇల్లాలు. కడగబోయే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తుంది. పొద్దున ఒక గుప్పెడు, రాత్రి ఒక గుప్పెడు. వారం తిరిగేసరికి కుండలో పోగైన గింజలు సంచిలో చర్చికి చేరతాయి. అక్కడ అన్ని ఇళ్ల గింజలూ ఒక్క రాశిలో కలిసిపోతాయి. ఎవరి గుప్పెడు ఏదో ఇక ఎవరికీ తెలియదు. తెలుగునాట పాత తరం క్రైస్తవ కుటుంబాలకు ఈ 'పిడికెడు బియ్యం' అలవాటు బాగా తెలిసిందే.

మానుకోట వైపు అలాంటి ఇంట్లో ఏ పసిపిల్లో ఒకసారి అడిగే ఉంటుంది.

''అమ్మా, అందరం తిన్నంక మిగిలితే ఇయ్యొచ్చు గదా. ముందే ఎందుకు తీస్తున్నవ్?''

''మిగిలినంక ఇద్దామనుకుంటె ఎన్నటికీ మిగలది బిడ్డా.''

స్వార్థానికీ త్యాగానికీ తేడా చెప్పడానికి పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. మిగిలింది ఇచ్చే చెయ్యి ఒకటి, ముందే తీసిపెట్టే చెయ్యి మరొకటి. మొదటి చేతికి రోజూ ఏదో ఒక అడ్డం వస్తుంది. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు, పెళ్లి ఖర్చు... అన్నీ నిజమైన అవసరాలే. కాకపోతే అవి తీరాక ఇద్దామనుకుంటే ఆ రోజు రాదు. రెండో చేతికి అవసరాలు తక్కువని కాదు. వాటిని లెక్కపెట్టడం మొదలుకాకముందే అది తన పని ముగించుకుంటుంది.

ఈ చిన్న గుప్పెడు ఎంత పని చేయగలదో చూడాలంటే మిజోరం వైపు చూడాలి. అక్కడి క్రైస్తవ గృహిణులు 1910లో ఈ ఆచారం మొదలుపెట్టారు. వంట చేసే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం పక్కన పెట్టడమే. కొండల మీద చిన్న చిన్న ఊళ్లు, చేతిలో డబ్బు ఆడని కుటుంబాలు. అయినా అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘానికి ఆ గుప్పెళ్ల మీద ఏటా వచ్చే ఆదాయం ఇవాళ కోట్ల రూపాయల్లో ఉంది. ఏ ఒక్క ఇల్లూ దానివల్ల పస్తు ఉండలేదు. ఏ ఒక్క ఇంటి పేరూ శిలాఫలకం మీదికి ఎక్కలేదు.

మానుకోటకు వచ్చినవాళ్లు

ఇప్పటి మహబూబాబాద్‌ను పాతవాళ్లు మానుకోట అనే పిలుస్తారు. నూట ఇరవై ఏళ్ల కిందట అది నిజాం రాజ్యంలో ఒక మారుమూల తాలూకా. ఆ ఊరి పేరు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, తమిళనాట తిరునల్వేలి చర్చిల్లో వినిపించడం మొదలైంది. అలా వినిపించడం వెనక ఒక యువకుడు ఉన్నాడు. పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఆ ఊరి చర్చి గురువు.

చదువు తర్వాత అజరయ్య వైఎంసీఏ సంస్థలో చేరి ఊరూరా తిరిగి యువకుల మధ్య పనిచేశారు. 1902లో ఒకసారి శ్రీలంకలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో దూరప్రాంతాల్లో సేవ చేయిస్తున్నారని తెలిసి ఆలోచనలో పడ్డారు. తిరునల్వేలిలో క్రైస్తవం వచ్చి తరాలు గడిచాయి. బడులున్నాయి, చర్చిలున్నాయి, చదువుకున్నవాళ్లున్నారు. కానీ అన్నీ తీసుకోవడమే అలవాటైంది, ఇవ్వడం అలవాటు కాలేదు.

మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరి 12న, పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. విదేశీ డబ్బు ముట్టకూడదన్నది నియమం. మనుషులు మనవాళ్లే, ధనం మనదే, నిర్వహణ మనదే. ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న వచ్చినప్పుడు వాళ్లు ఎంచుకున్న చోటు మానుకోట. 1904లో శామ్యూల్ పాక్యనాథన్ అనే తొలి సేవకుడు రైలెక్కి ఇక్కడికి వచ్చాడు. భాష తెలియదు. తిండి వేరు. కూలి కుటుంబాల్లో అప్పట్లో జొన్నగట్కే రోజూ తిండి, వరి అన్నం పండుగకే. వచ్చినవాడికీ, ఇక్కడివాళ్లకూ మధ్య చుట్టరికం లేదు, వ్యాపారం లేదు, ఏ లెక్కా లేదు.

అజరయ్య మాత్రం అప్పటికి రాలేదు. ఆయన సభల్లో మాట్లాడుతున్నారు, చందాలు పోగుచేస్తున్నారు, వెళ్లమని యువకులను పిలుస్తున్నారు. 1905 క్రిస్మస్ రోజున బెంగాల్‌లోని శ్రీరామ్‌పూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడూ ముందు వరుసలో ఆయన ఉన్నారు. పేరు పెరుగుతోంది. వైఎంసీఏలో మంచి హోదా ఉంది, దేశవిదేశాల్లో పరిచయాలున్నాయి.

అయితే ఒక ప్రశ్న ఆయనను వదల్లేదు. అందర్నీ వెళ్లమంటున్న తాను ఎందుకు వెళ్లడం లేదు?

ఇలాంటి ప్రశ్న ఎవరికైనా ఇబ్బందికరమే. సంస్థ నడవాలంటే ఒకరు కూర్చుని నడపాలి కదా అని సమాధానం చెప్పుకోవచ్చు. అది అబద్ధమూ కాదు. అజరయ్య ఆ సమాధానంతో సరిపెట్టుకోలేకపోయారు. 1909లో ఉద్యోగం వదిలేశారు. గురుత్వం స్వీకరించి డోర్నకల్‌కు వచ్చారు. అప్పటికి వయసు ముప్ఫై అయిదు. ఆ వయసులో అక్షరం నుంచి తెలుగు నేర్చుకున్నారు. కాలేజీ చదువుకు వెళ్లిన తొలితరం దక్షిణాది క్రైస్తవ మహిళల్లో ఒకరైన ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ కూడా ఇక్కడికే వచ్చి పల్లె స్త్రీల మధ్య పనిచేశారు.

క్రీస్తు తన హోదాను పట్టుకుని వేలాడలేదనీ, దాన్ని విడిచి సేవకుడయ్యాడనీ ఫిలిప్పీ సంఘానికి రాసిన లేఖలో పౌలు అంటాడు. చర్చిలో ఆ మాట ఎన్నోసార్లు వినిపిస్తుంది. దాన్ని విన్న మనిషి ఒకరు ఉద్యోగానికి రాజీనామా రాసి, బొగ్గు బండ్లు మళ్లే ఒక చిన్న రైల్వే జంక్షన్‌లో దిగితే ఎలా ఉంటుందో డోర్నకల్ చూసింది.

ధనం కాదు, స్నేహం

మరుసటి ఏడాది, 1910 జూన్‌లో, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చిన వెయ్యిమందికి పైగా ప్రతినిధుల్లో ఆసియావాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అజరయ్య వాళ్లలో ఒకరు. వేదిక మీద ఆయన పొగడ్తలతోనే సరిపెట్టలేదు. పాశ్చాత్య మిషనరీలు పేదలకు ఆస్తి ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, వారి త్యాగాన్ని రాబోయే తరాలు తలచుకుంటాయి అన్నారు. ఆ తర్వాత, తాము అడిగేది ప్రేమ అనీ, తమకు కావలసింది మిత్రులనీ చెప్పి ముగించారు.

సభలో కొందరికి అది నచ్చలేదు. ఇంత చేసినా ఇంకా ఏం తక్కువైందన్నట్టు నొచ్చుకున్నారు. తక్కువైంది ఏమిటో అజరయ్యకు తెలుసు. దానం చేసే తెల్లదొర, దానం అందుకునే భారతీయుడిని తనతో సమానంగా కూర్చోబెట్టుకోవడం లేదు. చెయ్యి డబ్బు ఇస్తోంది, మనిషి మాత్రం దూరంగా నిలబడి ఉన్నాడు.

ఈ మాట ఎడిన్‌బరోకే కాదు, ఇవాళ్టి ఇళ్లకూ వర్తిస్తుంది. అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండే కొడుకు జనగామలో తండ్రికి నెలనెలా తప్పకుండా డబ్బు పంపుతాడు. మందులు కొంటాడు, మంచి మంచం కొంటాడు. ఫోన్‌లో మాత్రం రెండు నిమిషాలు దాటడు. తండ్రికి డబ్బు అవసరమే, కాదనలేం. కానీ ఆయన ఎదురుచూసేది అరగంట కబురు కోసం. డబ్బు ఇచ్చినంత తేలికగా ఆ అరగంట ఇవ్వలేకపోవడం ఎందుకంటే, డబ్బు జేబులోంచి వస్తుంది, ఆ అరగంట మాత్రం మనిషిలోంచి రావాలి.

1912 డిసెంబర్ 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ పదవిలోనూ ఆయన ఉన్నది డోర్నకల్‌లోనే. పల్లెలకు వెళ్లినప్పుడు ఆయన తరచూ నాలుగు దయ్యాల గురించి చెప్పేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగూ వదలకుండా ఏ మనిషీ లేచి నిలబడలేడన్నది ఆయన మాట. ఆయన కాలంలో డోర్నకల్ అధ్యక్ష మండలంలో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. మతమార్పిడుల విషయంలో గాంధీజీకి ఆయనతో గట్టి భేదాభిప్రాయం ఉండేది. ఆ వాదన ఇప్పటికీ ముగియలేదు. అయితే అజరయ్య ఆ పేద కుటుంబాల ముందు ఉంచిన ఒక విషయం మాత్రం ఏ మతంవారైనా ఆగి ఆలోచించదగ్గది.

పేదవాడూ ఇవ్వగలడు

తినడానికే లేనివాడిని ఇవ్వమని ఎలా అడుగుతారు? అజరయ్యకు చాలామంది వేసిన ప్రశ్న ఇదే అయి ఉంటుంది. ఆయన ఆలోచన దీనికి పూర్తిగా తిరగబడి ఉండేది. ఇవ్వలేనివాడిగా ఎవరినైనా ఎప్పటికీ లెక్కకట్టడమే వాడికి చేసే అవమానం. ఎప్పుడూ చాచిన చెయ్యికి తలెత్తడం తెలియదు. గుప్పెడు జొన్నలైనా, ఒక కోడిగుడ్డైనా, ఒక పూట శ్రమైనా ఇచ్చిన మనిషి ఆ సంఘానికి అతిథి కాదు, యజమాని అవుతాడు. ఆయన ఈ విషయం మీదే 'క్రిస్టియన్ గివింగ్' అనే పుస్తకం రాశారు. 1939 జనవరి 6న డోర్నకల్‌లో ఎపిఫనీ కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. గుడి మండపాల స్తంభాలు, మసీదు గుమ్మటాలు, మీనార్లు కలగలిసిన కట్టడం అది. పరాయి దేశపు నమూనా కాకుండా ఈ నేల మీది రూపాలతో కట్టిన ప్రార్థనాలయం.

పల్లె చర్చిల్లో కోత పండుగ చూసినవారికి ఆయన ఆలోచన ఇట్టే అర్థమవుతుంది. ఆ రోజు ఆరాధనకు వరి పనలు, గుమ్మడికాయలు, కోళ్లు, కందులు, అరటి గెలలు వస్తాయి. ఆరాధన తర్వాత వేలం పాట. ఇరవై రూపాయల గుమ్మడికాయ రెండు వందలకు పోతుంది. కొన్నవాడు నవ్వుతూ తీసుకెళ్లి, ఒక్కోసారి మళ్లీ చర్చికే ఇచ్చేస్తాడు. ఆ గుమ్మడికాయ తెచ్చింది కూలి చేసుకునే ముసలమ్మ. ఆ పూట ఆమె దాత.

వెట్టి వేరు, ఇవ్వడం వేరు

ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. జనగామ నేలకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. దొరల కాలంలో ఈ ప్రాంతపు కులవృత్తులవారు, కూలీలు తమ శ్రమను ఊరికే ఇచ్చారు. పాలు, కోళ్లు, చెప్పులు, కుండలు ఊరికే ఇచ్చారు. దాన్ని ఎవరూ త్యాగం అనలేదు. దాని పేరు వెట్టి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు నేలకొరిగింది ఆ వ్యవస్థను ఎదిరించిన ఊరేగింపులోనే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన గింజను దొర గడీకి పోనివ్వనని నిలబడింది కూడా అందుకే. భయపెట్టి తీసుకుంటే అది ఇచ్చినట్టు కాదు. ముందు తన గింజ తనదై ఉండాలి. అప్పుడే అందులోంచి గుప్పెడు తీసి ఇవ్వడానికి అర్థం ఉంటుంది.

బైబిల్‌లో పేద విధవరాలి రెండు కాసుల కథ అందరికీ తెలుసు. ధనవంతులు తమ సమృద్ధిలోంచి వేస్తే, ఆమె తన బతుకుదెరువే వేసిందని యేసు మెచ్చుకున్నాడు. దీన్ని ప్రసంగాల్లో కానుకలు అడిగేటప్పుడు తరచూ చెబుతారు. మార్కు సువార్తలో దీనికి సరిగ్గా ముందున్న మాటలు మాత్రం అంతగా వినిపించవు. పొడవాటి ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్లను మింగేసే శాస్త్రుల మీద యేసు మండిపడింది అక్కడే. రెండూ కలిపి చదివితేనే కథ పూర్తవుతుంది. ఇచ్చిన ఆమె గొప్పది. ఆమె చేత ఇప్పించుకుని తాము ఏమీ ఇవ్వని వ్యవస్థ తప్పు.

ఇంట్లోనూ అంతే. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే అమ్మను త్యాగమూర్తి అని పొగడటం తేలిక. ఆమె ప్రేమ నిజమే. అయితే నలభై ఏళ్లు ఒక్కరే ఇస్తూ, మిగతా అందరూ తీసుకుంటూ ఉంటే ఆ ఇంట్లో త్యాగం ఉన్నట్టా, వెట్టి ఉన్నట్టా? స్వార్థం వదలమనే బోధ మొదట వినాల్సింది ఎవరు? ఇస్తున్నవాళ్లా, తీసుకుంటున్నవాళ్లా? ఈ ప్రశ్న అడగని ఇంట్లో త్యాగం అనే మాట ఒకరి మీద మోపిన బరువుగానే ఉండిపోతుంది.

ఈ నేలకు చెందిన మరో మహానుభావుడు బమ్మెర పోతన. ఆయన ఊరు బమ్మెర కూడా ఇప్పుడు జనగామ జిల్లాలోనే ఉంది. భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడి కథ ఉంది. నలభై ఎనిమిది రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉన్న రాజుకు ఆ మరుసటి రోజు కాస్త ఆహారం దొరుకుతుంది. తినబోతుంటే ఒకరి తర్వాత ఒకరు ఆకలితో వస్తారు. అందరికీ పెట్టేస్తాడు. చివరికి మిగిలిన నీళ్లు కూడా దాహంతో వచ్చిన అంత్యజుడికి ఇచ్చేస్తాడు. అక్కడ ఇచ్చింది రాజు, తీసుకున్నవాడు ఊరు దూరం పెట్టినవాడు. పైనున్నవాడి చేతిలోంచి కిందున్నవాడి చేతికి నీళ్లు వచ్చాయి. పోతన పాఠకుడికీ, సువార్త పాఠకుడికీ ఈ దారి కొత్తగా అనిపించదు.

లాభం లెక్క

త్యాగాన్ని చెడగొట్టేది ఇంకొకటి ఉంది. ఇస్తే నూరంతలు తిరిగి వస్తుందన్న ఆశ. వెయ్యి వేస్తే లక్ష వస్తుంది, కానుక ఇస్తే వీసా వస్తుంది, దశమభాగం కడితే కొడుక్కి సీటు వస్తుంది... ఇలాంటి మాటలు టీవీ ప్రసంగాల్లో వినబడుతూనే ఉంటాయి. ఇది వినడానికి విశ్వాసంలా ఉంటుంది గానీ, లోపల ఉన్నది చిట్టీ పాటే. దేవుడిని కూడా వడ్డీ ఇచ్చే బ్యాంకుగా మార్చేస్తే ఇచ్చినవాడు ఇవ్వనేలేదు, పెట్టుబడి పెట్టాడంతే. అనుకున్న లాభం రాకపోతే విశ్వాసమే పోతుంది.

గోధుమ గింజ నేలలో పడి చావకపోతే ఒంటిగానే ఉండిపోతుందని యేసు చెప్పాడు. విత్తనం మొలకెత్తుతుందని రైతుకు తెలుసు. కానీ గింజకు పంట చేతికి రాదు. పంట ఇంకొకరికి. మానుకోటకు వచ్చిన తొలి సేవకుడికి ఇక్కడ ఇల్లూ లేదు, పొలమూ లేదు. అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. రెండేళ్లకు, 1947 సెప్టెంబర్ 27న, వేర్వేరు సంఘాలు ఏకమై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆ ఐక్యత కోసం ఆయన ఏళ్ల తరబడి పాటుపడ్డారు. ఆ రోజు చూడటానికి మాత్రం ఆయన లేరు.

వచ్చినవాళ్లు ఆయనొక్కరే కాదు. జనగామ పక్కన యశ్వంతాపూర్‌లో కొలంబో నగర్ అనే చోటు ఉంది. ఇటలీ నుంచి వచ్చి ఓరుగల్లు ప్రాంతంలో దశాబ్దాలపాటు పనిచేసిన ఫాదర్ అగస్టో కొలంబో పేరు అది. ఆయన అక్కడ క్రీస్తు జ్యోతి ఇంజనీరింగ్ కళాశాల పెట్టారు. పల్లె పిల్లవాడు ఇంటికి దగ్గర్లో ఇంజనీరింగ్ చదవగలగడం వల్ల ఇటలీలో పుట్టిన మనిషికి వచ్చే లాభం ఏమిటని అడిగితే జవాబు దొరకదు. జవాబు దొరకని ఆ పనుల మీదే ఈ ప్రాంతంలో చాలామంది బతుకులు నిలబడ్డాయి.

బాయిలోకి ముందు దిగే మనిషి

దూరదేశాలకు వెళ్లడం, ఉద్యోగాలు వదలడం అందరివల్లా అయ్యే పని కాదు. అందరూ చేయాల్సిన అవసరమూ లేదు. రోజువారీ బతుకులో ఇది ఎలా ఉంటుందో చూడాలంటే భూపాలపల్లి వెళ్లాలి.

సింగరేణి భూగర్భ గనిని కార్మికులు 'బాయి' అంటారు. షిఫ్టు మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ పనిస్థలాన్ని చూసిరావాలి. పైకప్పును కర్రతో తట్టి శబ్దం వింటాడు. గట్టిగా మోగితే సరే. బోలుగా మోగితే పైన పెళ్ల ఊగుతోందని అర్థం. గ్యాస్ ఉందేమో పరీక్షిస్తాడు. గాలి సరిగ్గా ఆడుతోందా చూస్తాడు. అంతా బాగుందని తేల్చాకే మిగతావాళ్లు ఆ చోటికి వెళ్లాలి. పెళ్ల ఊడిపడే ప్రమాదం ఉంటే దాని కింద మొదట నిలబడేది ఆయనే.

దీన్ని ఎవరూ త్యాగం అనరు. అది ఆయన ఉద్యోగం, దానికి జీతం ఉంది. నిజమే. కానీ ఆ పనిని రెండు విధాలుగా చేయవచ్చు. నాలుగు చోట్ల తట్టి, పుస్తకంలో సంతకం పెట్టి వచ్చేయొచ్చు. లేదా తన వెనక వచ్చేవాళ్ల ఇళ్లలో ఎదురుచూసే పిల్లలున్నారని గుర్తుంచుకుని, అనుమానం ఉన్న ప్రతి చోటా తట్టి రావచ్చు. రెండిటికీ జీతం ఒక్కటే. రెండోదానికి అయ్యే అదనపు ఖర్చు ఆయన ఓపిక, ఆయన సమయం, ఆయన నడుం నొప్పి. ఆ ఖర్చును ఏ రసీదూ చూపించదు.

రోజువారీ త్యాగం చాలావరకు ఇలాగే ఉంటుంది. బడిలో వెనకబెంచీ పిల్లవాడికి రెండోసారి లెక్క చెప్పే టీచర్. ఆస్పత్రిలో రాత్రి రెండు గంటలకు పిలిస్తే విసుక్కోకుండా లేచే నర్సు. ఆఫీసులో చదువురాని ముసలాయన దరఖాస్తు తానే నింపిపెట్టే గుమాస్తా. వీళ్లెవరూ తమ పని మానుకుని సేవకు వెళ్లలేదు. చేస్తున్న పనిలోనే, లాభం లెక్క చూసుకోకముందే, ఒక గుప్పెడు తీసి పక్కన పెడుతున్నారు.

ఇళ్లలోనూ ఆ అవకాశం రోజూ వస్తుంది. అన్నదమ్ముల పంపకాల్లో రోడ్డు పక్క చెలక ఎవరికన్న మాట వచ్చినప్పుడు వస్తుంది. అత్తగారి మందుల ఖర్చు ఏ కొడుకుదన్న లెక్క తేలనప్పుడు వస్తుంది. భార్య ఉద్యోగం నుంచి అలసి వచ్చిన సాయంత్రం, టీవీ ముందు కూర్చున్న భర్తకు వంటగది కనబడినప్పుడు వస్తుంది. ఎవరో ఒకరు ముందు లేవాలి. ఎవరు ముందు లేస్తారా అని అందరూ ఎదురుచూసే ఇంట్లో పొయ్యి వెలగదు.

అజరయ్య పిలిచినవాళ్లు చాలామందే. కానీ ఆయన మాటకు బరువు వచ్చింది ఆయన స్వయంగా రైలెక్కిన తర్వాతే. కొడుకు దానగుణం నేర్చుకోవాలని కోరుకునే తండ్రి, కొడుకు చూస్తుండగా తన వాటా తగ్గించుకోవాలి. కోడలు సర్దుకుపోవాలనుకునే అత్త, మొదట తాను సర్దుకుని చూపాలి. ఇంకొకరి గిన్నెలోంచి తీసి ఇచ్చేది దానం కాదు.

సాయంత్రం అవుతుంది. మళ్లీ పొయ్యి మీద ఎసరు కాగుతుంటుంది. డబ్బాలో బియ్యం ఎప్పటిలాగే నెలాఖరుకు చాలీచాలనట్టే ఉంటాయి. ఈసారి గుప్పెడు తీసింది అమ్మ కాదు. పొద్దున ప్రశ్న అడిగిన పిల్ల. చిన్న చెయ్యి కదా, గుప్పెడూ చిన్నదే. కుండలో పడ్డ గింజల చప్పుడు మాత్రం అదే.